ఏటిలో చివరి మనిషి

ఆదివారం పొద్దున్నే పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెట్టి, పుష్పకుమారి భర్త తెల్ల అంగీకి ఇస్త్రీ చేస్తోంది. కూతురు అబిగయీలు వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఈ రోజుతో పాస్టరు లాజరస్ సేవ ముగుస్తుంది. వాకాడు తీరంలోని ఆ పల్లెలో తుఫాను వచ్చినా, పడవ తిరిగి రాకపోయినా జనం మొదట తట్టింది ఆయన తలుపే. చివరిసారిగా ఉప్పుటేటిలో దిగి బాప్తిస్మాలివ్వాలని ఆయన పట్టుదల. గుండెకు స్టెంటు వేసిన డాక్టరేమో నీళ్ళలోకి దిగొద్దన్నాడు. సూళ్ళూరుపేటలో నర్సుగా పనిచేసే అబిగయీలు ఆయన్ని ఆపడానికే తొలి బస్సులో వచ్చింది.

"పోబాక నాన్నా. కొత్త పాస్టరు ఉండాడు గదా."

"నడుముల్లోతే గదమ్మా. ఏటికి సముద్రం పోటు వచ్చేలోపల ముగించేస్తా."

"నీ నడుముల్లోతు నాకు తెలీదా? గొంతు దాకా పోతావు."

పుష్పకుమారి నవ్వింది. "ఇన్నేళ్ళూ నావల్లే కాలా. నువ్వు ఆపతావా?"

బయటినుంచి సంఘ పెద్ద హెబ్రోను కేకేశాడు. "అయ్యగారూ! నీళ్ళు పెరగతా ఉండాయి. అందరూ వచ్చేసినారు."

లాజరస్ చెప్పుల కోసం వంగాడు. అంతే, అబిగయీలు ఆగలేకపోయింది.

"పో! పోయి ఊరందర్నీ ముంచు. ఈ ఇంట్లో ఒక మనిషి మిగిలిపోయిందని ఎప్పుడన్నా గుర్తొచ్చిందా నీకు?"

ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది.

వాళ్ళ సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక, తమంతట తాము అడిగినవాళ్ళకే ఇస్తారు. అది తీసుకున్నవాళ్ళకే ప్రభువు బల్ల ఆరాధనలో రొట్టె పెడతారు. నెలనెలా ఆ రొట్టె పళ్ళెం తండ్రి చేతుల్లో అబిగయీలు కూర్చున్న చోటు దాకా వచ్చి, ఆమెను దాటుకుని పక్కవాళ్ళ దగ్గర ఆగేది. ఆమె రోజూ ప్రార్థన చేసుకున్నాకే వార్డులో అడుగుపెడుతుంది. అయినా నోరు తెరిచి అడగలేదు. నాన్నే పిలవాలని ఆమె ఆశ.

"హెబ్రోనన్న కొడుకుని పడవ దగ్గరికి పోయి మరీ బాప్తిస్మానికి రమ్మని అడిగినావే. నన్నెందుకు అడగలా?"

లాజరస్ మెల్లగా మంచం మీద కూర్చున్నాడు.

"వాడు నా మొహం మీదే కుదరదన్నాడు తల్లీ. నువ్వు అనగలవా? నాన్న అడిగినాడని నీళ్ళలో దిగేస్తావు. అది నా కోసం మునిగినట్టు. అందుకే నోరు కట్టేసుకున్నా."

"మిగతాది గూడా చెప్పండి," అంది పుష్పకుమారి. ఆయన తల దించుకున్నాడు. ఆమే కూతురి వైపు తిరిగింది. "ఆఖరి మనిషి గట్టెక్కినాక మీ నాన్న ఒక్కడే ఏటిలో నిలబడతాడే, ఎందుకనుకున్నావు?"

"ప్రార్థన గదా?"

"నీ కోసం చూస్తాడమ్మే. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు గూడా గట్టు వైపే చూసేవాడు."

అబిగయీలు గుమ్మం వదిలేసింది. ఆమె కళ్ళకు వాకిలి మసకగా కనిపించింది.

అయినా నర్సు మాటే నెగ్గింది. ఏటి గట్టున లాజరస్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్త పాస్టరు ఒక్కొక్కరినే ముంచి లేపాడు. ఆఖరి మనిషి గట్టెక్కాడు, పాట ఆగింది. లాజరస్ చూపు అలవాటుగా జనంలోకి మళ్ళింది.

చెప్పులు విడిచి అబిగయీలు ఆయన ముందుకొచ్చింది.

"అయ్యగారూ, నాకు బాప్తిస్మం కావాలి."

అందరినీ అడిగే ప్రశ్నే ఆయన అడిగాడు. "ఎవరన్నా పంపినారా?"

"ఎవరూ పంపలా. రోజూ నేను ప్రార్థించే ప్రభువు కోసం వచ్చినా."

"మీ నాన్న కోసం కాదా?"

"నాన్న కోసమైతే నీళ్ళ జోలికే పోబాకంటా," అంది కన్నీళ్ళలోనే నవ్వుతూ. "మోకాళ్ళ లోతు చాలు. నేను కూర్చుంటా. మీరు వంచండి."

హెబ్రోను ఒక పక్కన పట్టుకోగా ఆయన ఏటిలో అడుగుపెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చున్న కూతుర్ని వెనక్కి వంచి ఉప్పునీళ్ళలో ముంచాడు. లేపాడు.

ఈసారి లాజరస్ నీళ్ళలో ఆగలేదు. తడిసిన కూతురి చెయ్యి పట్టుకుని, ఆమెతోపాటే గట్టెక్కాడు.