ఆదివారం దాకా పాలపిట్ట ఎగరాలి

"ఈ దారిలో ఇంద్రేశం బస్సు ఉందా?"

"బస్సు లేదండీ. షేర్ ఆటో ఉంది గానీ కూర్చోవడానికి చోటు లేదు."

కోడ్ సరిపోయింది. పాశమైలారం పారిశ్రామికవాడలో టిఫిన్ బండి దగ్గర నిలబడి ఉప్మా తింటున్న పెద్దమనిషి తల ఎత్తకుండానే కాస్త పక్కకు జరిగాడు. ఆయన మెడలో ఏదో కెమికల్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఐడీ కార్డు వేలాడుతోంది. అసలు పేరు చలపతిరావు. దేశ రహస్యాలను కాపాడే ఒక విభాగానికి చీఫ్. పక్కన ప్లేటు పట్టుకున్న హరినాథ్ ఆ విభాగంలో ఏజెంట్. పెళ్లయి నెల తిరగలేదు కాబట్టి అతనికి ఆ బండి ఉప్మా కూడా విందు భోజనంలా ఉంది.

"ఒక విమానం ఉంది హరీ. ఆదివారం దాకా అది ఎగరాలి. నీ మిషన్ అదే."

"ఎగరకుండా ఆపడం కదా సార్ మన పని?"

"ఈసారి తిరగబడింది. విను."

సంగారెడ్డి అవతల ఒక ప్రైవేటు రన్‌వే. అక్కడ ఈ వారమంతా పాతకాలపు విమానాల రేసు. ఆదివారం ఫైనల్. ఫైనల్ రూటు భానూర్ పక్కగా, అనుమతి ఉన్న దూరంలోనే వెళ్తుంది. సరిగ్గా ఆ సమయంలో భానూర్ దగ్గరి రక్షణ ఫ్యాక్టరీలో కొత్త మిసైల్ 'కన్ను'కు పరీక్ష ఉంది. ఆ కన్ను విడిచే సిగ్నల్‌ను గాలిలోంచి రికార్డు చేసుకున్నవాడు రేపు యుద్ధంలో దాన్ని గుడ్డిది చేసేయగలడు.

"ఆర్కిడ్ ముఠా. విదేశీ డబ్బు. వాళ్ల రిసీవర్ ఎక్కేది ఒకే ఒక్క విమానంలో. మిగతావన్నీ రేకు విమానాలు, రేకు సిగ్నల్‌ను ఆపేస్తుంది. ఇదొక్కటే చెక్కా, గుడ్డా."

"పరీక్ష వాయిదా వేయిస్తే?"

"ముఠా మాయమవుతుంది. దాని పెద్ద ఎవరో ఇంతవరకు ఎవరికీ తెలీదు. కానీ రికార్డింగ్ విషయంలో మాత్రం ఎవరినీ నమ్మడు, తానే వచ్చి తీసుకుంటాడు. ఆ చెయ్యి నాకు కావాలి. ఆ రికార్డింగ్‌లో మాత్రం ఏమీ ఉండకూడదు."

"మధ్యలో విమానం చెడిపోతే?"

"ఆ ముఠా పెద్ద రాడు. అందుకే నువ్వు మెకానిక్ హెల్పర్‌వి. పేరు శివశంకర్."

"సార్, ఇంజిన్ల గురించి నాకు తెలిసింది బైకు కిక్ కొట్టడం వరకే."

"మంచిదే. దాన్ని కూడా చేత్తోనే తిప్పి స్టార్ట్ చేస్తారట." చలపతిరావు ఒక చేతిగడియారం అందించాడు. "దగ్గర్లో రహస్య రిసీవర్ ఆన్ అయితే వణుకుతుంది. ఇంకో మాట. పైలట్ పేరు నిషిత. వాళ్ల దగ్గర జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది."

"అసలు ఎవరి మనిషి సార్?"

"ఆదివారం తెలుస్తుంది," అని చీఫ్ చేయి కడుక్కున్నాడు.

గడియారం పాశమైలారం దాటేలోగా ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా వణికింది.

హ్యాంగర్ అంటే రేకుల షెడ్డు. లోపల నీలం రంగు విమానం, రెండో ప్రపంచయుద్ధం కంటే పెద్దది వయసులో. ముందొక సీటు, వెనకొక సీటు. దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరున్నా, మెకానిక్ యాదన్న పాలపిట్ట అన్నాడు కాబట్టి అందరికీ పాలపిట్టే.

"దసరాకు పాలపిట్టను సూస్తే మంచి జరుగుతదంటరు," అన్నాడు భానూర్ యాదన్న, మూతి మీది ఆయిల్ తుడుచుకుంటూ. "మేం రోజూ సూస్తున్నం. ఏం జరగలే. ఏయ్ శివశంకర్, గా చిన్న పాన అందుకో."

హరినాథ్ అందించాడు.

"గిది పెద్దది. ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా?"

"పాశమైలారం కెల్లి అన్నా."

"మాట మా ఊరోని లెక్కనే ఉంది. పాన పట్టుకునుడు మాత్రం కలెక్టర్ పెన్ను పట్టుకున్నట్టుంది!"

ఆ వారం హరినాథ్ ఏ గూఢచారీ పడని పాట్లు పడ్డాడు. తుపాకీకి ఎదురు నిలబడటం తేలిక. దగ్గుతున్న ఇంజిన్ ఎదురుగా నిలబడి, అది ఆగిపోతుందేమోనని గుండె పట్టుకోవడం కష్టం. ఒకరోజు ఆయిల్ కారి రన్‌వే మీద గీత గీసింది. ఆయిల్ కారకుండా అడ్డుపడే గాస్కెట్ ఈ దేశంలో దొరకదన్నారు. హరినాథ్ చెడిన గాస్కెట్‌ను సంచిలో వేసుకుని, మందుల ఫ్యాక్టరీల రియాక్టర్లకు గాస్కెట్లు కోసే కొట్టుకు పరుగెత్తాడు. "హవాయి జహాజ్ కా?" అని, విమానానిదని తెలిసి, అక్కడి బిహారీ కుర్రవాళ్లు పని ఆపి దానితో సెల్ఫీ దిగి, ఆ తర్వాతే కోశారు. అది అతికినట్టు సరిపోయింది. హరినాథ్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. సరిగ్గా అప్పుడే ఫోన్లో భార్య రమ్యశ్రీ మెసేజ్: "ఏవండీ! గోడకు మేకు కొట్టాను. వంకర పోలేదు!!" కింద మేకు ఫోటో. ఇంద్రేశంలో కొత్త ఇల్లు, కొత్త గోడ, తిన్నగా నిలబడ్డ మేకు. బీమా సర్వే పని మీద తిరుగుతున్నాడని నమ్ముతున్న ఆ పిల్లకు, తన గాస్కెట్ ఫోటో పంపలేకపోయినందుకు అతనికి నిజంగా బాధ కలిగింది.

నిషిత రోజూ ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలతో వచ్చేది. ఇంజిన్ ఆయిల్ మొహానికి కొట్టినా లిప్‌స్టిక్ చెదిరేది కాదు.

"మిస్టర్ హెల్పర్," అంది ఒకసారి, దగ్గర్లో ఎవరూ లేనప్పుడు. "బాక్స్ ఆదివారం పొద్దున్న నా కాళ్ల దగ్గర పెడతారట. భానూర్ రాగానే దాని వైరు నేనే లాగేస్తాను. రిలాక్స్."

"పెట్టేది ఎవరు మేడం?"

"తెలిస్తే చెప్పనా?" అని నవ్వింది. ఆ నవ్వు ఏ జీతం తాలూకుదో అతనికి అర్థం కాలేదు.

వీళ్లిద్దరి కంటే విచిత్రమైన మనిషి నరసరాజు. సింగపూర్‌లో ముప్పై ఏళ్లు విమానాలు చూసి వచ్చిన పెద్దాయన. రేసుకు ఆయనే తనిఖీ అధికారి, ఆయనే గెలుపు గీత దగ్గర న్యాయనిర్ణేత. చక్కటి ఇస్త్రీ చొక్కా, బంగారు ఫ్రేము. రోజూ పొద్దున్న ప్రతి విమానంలోకి దూరి చూసేవాడు. టైరులో కాస్త గాలి తగ్గిందని పక్కవాళ్ల విమానాన్ని ఒకరోజంతా నిలబెట్టేశాడు. పాలపిట్ట కింద ఆయిల్ మడుగు చూసి మాత్రం, "పాత అందం! పోనీండి," అని వెళ్లిపోయేవాడు.

"మంచి మనిషి," అన్నాడు యాదన్న.

హరినాథ్ కూడా అలాగే అనుకున్నాడు.

దసరా ముందురోజు ఇంజిన్‌కు పెట్రోలు తోసే పంపులో రబ్బరు పొర చిరిగింది. ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో దొరికిన రబ్బరు పెట్రోల్లో నాని పూరీలా పొంగింది. ఇంకోటి కరిగింది. యాదన్న షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి, వెనక సీటు పక్కనున్న ఇనప పిడిని చూపించాడు.

"చేతి పంపు. ఎనక కూసున్నోడు కొడ్తనే ఉండాలె. ఆపిండంటే ఇంజిన్ ఆగుతది. ఇగ దేవుడే దిక్కు."

దేవుణ్ణి మరునాడు పిలిచారు. దసరా పూజలో యాదన్న ఒక్క భాగాన్నీ వదల్లేదు. పానలకు, ప్లగ్గులకు, పంపుకు, సీట్ల కింద డబ్బాలకు కూడా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. నరసరాజు వచ్చి, చెప్పులు విప్పి నిలబడి అంతా చూసి, పులిహోర తిని వెళ్లాడు. శనివారం సెమీఫైనల్లో యాదన్నే వెనక కూర్చుని పంపు కొట్టాడు. పాలపిట్ట ఫైనల్‌కు చేరింది. యాదన్న భుజం మాత్రం వాచిపోయింది.

"చెయ్యి లేస్తలేదు శివశంకర్. రేపు నువ్వే ఎక్కాలె."

"నేనా?"

"పాన పట్టుడు రాదు. పంపన్న కొట్టుడు వస్తదా సూద్దాం."

ఆదివారం. చెప్పినట్టే నిషిత కాళ్ల దగ్గర నల్ల పెట్టె ప్రత్యక్షమైంది. ఆమె వెనక్కి తిరిగి కన్నుకొట్టింది. హరినాథ్ వారం తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుని వెనక సీట్లో దిగాడు. యాదన్న బాగున్న చేత్తోనే ప్రొపెల్లర్ తిప్పాడు. ఇంజిన్ గర్జించింది. హరినాథ్ పంపు పిడి పట్టుకుని, అలవాటు కొద్దీ చుట్టూ చూశాడు.

సీటు కింద అన్నిటికీ బొట్లున్నాయి. నిన్నటి ప్రయాణంలో ఆయిల్ తాగి, వేడికి మాడి, అన్నీ నల్లటి మచ్చలైపోయాయి. ఒక్క టూల్ డబ్బా మీది బొట్టు మాత్రం కొత్త పెళ్లికూతురి నుదుటిలా ఎర్రగా మెరుస్తోంది.

వేలితో తాకాడు. పొడి కుంకుమ వేలికి అంటింది. కింద పసుపు లేదు. ఆయిల్ లేదు. డబ్బా పక్కనుంచి సన్నటి యాంటెనా వైరు విమానం తోకవైపు పోతోంది.

ముందున్నది ఉత్తుత్తి పెట్టె. ముఠా నిషితను నమ్మలేదు. అసలు పెట్టె ఇది. నలుగురిలో కలిసిపోవాలని దీనికీ బొట్టు పెట్టారు, ఈ పొద్దునే. ఈ పొద్దున వెనక సీట్లోకి దూరింది ఒక్క మనిషి. టైరులో గాలి తగ్గితే ఊరుకోనివాడు, ఆయిల్ మడుగును చూసి ఊరుకున్నవాడు.

హరినాథ్ అరిచాడు. ఇంజిన్ మోతలో అది అతనికే వినపడలేదు. పచ్చజెండా ఊగింది. పాలపిట్ట పరుగెత్తింది.

గాలిలోకి లేచాక అతనికి భయపడటానికి కూడా తీరిక లేదు. కుడిచెయ్యి పంపు కొడుతోంది. ఎడమచెయ్యి డబ్బా దగ్గర వైరును లాగింది. రాలేదు. పెద్ద మర వేసి బిగించారు. ఒక చేత్తో తిప్పితే డబ్బా కూడా తిరుగుతోంది. రెండు చేతులూ కావాలి. కింద పాశమైలారం చిమ్నీలు వెనక్కి పోతున్నాయి. దూరంగా భానూర్ వైపు చెట్ల గుంపు. అప్పుడే చేతిగడియారం వణకడం మొదలుపెట్టింది. రిసీవర్ మేలుకుంది.

ముందుకీ వెనక్కీ మాట్లాడుకోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంది. హరినాథ్ దాన్ని నోటికి ఆనించుకున్నాడు. ఈ మాట ఆమెకు చెబితే ముఠాకు చెప్పినట్టేనేమో. చెప్పకపోతే ఇద్దరూ నేల మీద పడతారు.

"మేడం! అసలు పెట్టె నా దగ్గరుంది. విప్పాలంటే పంపు ఆపాలి."

 గొట్టాన్ని చెవికి ఆనించి, పంపు కొడుతూనే ఉన్నాడు.

"ఇంతసేపు నాతో ఉత్తుత్తి డబ్బా మోయిస్తున్నారా వాళ్లు?" నిషిత గొంతు కోపంతో మండిపోతోంది. "ఆగు. ఎత్తు సంపాదిస్తాను. నేను చెప్పాకే ఆపు."

పాలపిట్ట ముక్కు పైకెత్తింది. పక్కన పోతున్న ఎర్ర విమానం వీళ్లను దాటి దూసుకుపోయింది. హరినాథ్ భుజం యాదన్న భుజంలా అయిపోయింది.

"ఇప్పుడు!"

పంపు వదిలేశాడు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే, కింద భానూర్ ఫ్యాక్టరీలో మోగుతున్న సైరన్ స్పష్టంగా వినిపించింది. పరీక్ష మొదలవబోతోంది. అతను రెండు చేతులతో మర తిప్పాడు. చెమటకు వేళ్లు జారాయి. చొక్కా అంచు చుట్టి మళ్లీ తిప్పాడు. విమానం దిగిపోతోంది. సైరన్ ఆగింది. మర ఊడి, వైరు చేతిలోకి వచ్చింది.

"వచ్చేసింది!"

"అయితే కొట్టు! చెట్లు వస్తున్నాయ్!"

కొట్టాడు. ఏమీ కాలేదు. కొట్టాడు. ఒక తాటిచెట్టు మట్టలు విడివిడిగా కనిపించాయి. రమ్యశ్రీకి తన అసలు ఉద్యోగం ఏమిటో చెప్పి ఉండాల్సింది అనుకున్నాడు. ఇంజిన్ తుమ్మింది. మళ్లీ తుమ్మింది. పట్టుకుంది. పాలపిట్ట తాటిమట్టల మీదుగా, దిగిన వేగమంతా మూటగట్టుకుని, బాణంలా లేచింది.

"మీరు మా మనిషేనన్నమాట," అన్నాడు హరినాథ్, ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటూ.

"నేను గెలిచే మనిషిని. ఆ ఎర్రవాణ్ణి పట్టుకోవాలి. మాట్లాడక పంపు కొట్టు."

భానూర్ బాగా వెనకబడ్డాక, ఎవరికీ అనుమానం రాకుండా, సందు చూసి వైరును మళ్లీ పైపైన తగిలించాడు. చివరి మలుపులో ఎర్ర విమానం కనిపించింది. నిషిత చక్రాలకు గడ్డి తగిలేంత కిందికి దింపింది. రెండు విమానాలూ పక్కపక్కనే, ఒకే మోతతో, గెలుపు గీత దాటాయి. జనం కేకలు పెట్టారు. ఎవరు ముందో ఎవరికీ తెలీదు, గీత దగ్గర నిలబడిన నరసరాజుకు తప్ప.

ఆయన ఫలితం చెప్పలేదు. నేరుగా పాలపిట్ట దగ్గరకు వచ్చాడు.

"ముందు ఫైనల్ తనిఖీ. బాబూ, నువ్వు దిగు."

హరినాథ్ దిగాడు. నరసరాజు వెనక సీట్లోకి వంగి, బొట్టు పెట్టిన డబ్బాను మెల్లగా బయటకు తీశాడు. ఆ చేతి మీద హరినాథ్ చెయ్యి పడింది.

"నరసరాజుగారూ, కుంకుమ పెట్టేముందు పసుపు రాయాలండీ."

ముసలాయన మొహం పాలిపోయింది. మరుక్షణం సర్దుకున్నాడు. "పిచ్చివాడా, భానూర్ సిగ్నల్ ఇప్పటికే ఇందులో..."

"ఉన్నది ఒట్టి బరబరమనే మోత. కావాలంటే వినండి."

రన్‌వే అంచున టీ అమ్ముతున్న పెద్దమనిషి కెటిల్ కింద పెట్టి వచ్చాడు. చలపతిరావు. ఆయన వెనకే జీపు. నరసరాజు చేతులకు బేడీలు పడ్డాయి. నిషిత కళ్లద్దాలు తీసి హరినాథ్ వైపు చూసి, మొదటిసారి లిప్‌స్టిక్ చెదిరేలా నవ్వింది.

జీపు కదిలింది. దాని వెనకాల, వాచిన భుజాన్ని ఒక చేత్తో పట్టుకుని, యాదన్న పరుగెత్తాడు.

"సారూ! ఓ రాజు సారూ! జైలుకు జెర ఆగి పోవచ్చు! ముందుగాల ఎవరు గెలిచిండ్రో చెప్పి పోండ్రి!"

ఆ సాయంత్రానికల్లా నరసరాజు ఆర్కిడ్ ముఠా రహస్యాలన్నీ ఒక్కటి వదలకుండా చెప్పేశాడు. యాదన్న అడిగిన ఆ ఒక్క రహస్యం మాత్రం ఇంతవరకు నోరు విప్పి చెప్పలేదు.