రక్తం రాని అంచు

జర్మనీలో రైన్ నది పొంగి డ్యూస్‌బర్గ్ రేవు గోదాములన్నీ మునిగిన ఏడాది. ఆ శీతాకాలం.

"టెర్‌హోర్స్ట్, నీది ఉక్కు కొనేవాడి వేషం," అన్నాడు గూఢచారుల బాస్ కాల్‌థోఫ్. "పరాయి ముఠా ఒక ఉక్కు రేకు చుట్టలో బాంబు పెట్టింది. దాన్ని మోసే పడవ కాలవ లాకుల్లోకి దిగగానే పేలుతుంది."

"ఏ చుట్ట?"

"ఇర్మేలాని అడుగు. మన జీతమూ తీసుకుంటోంది, వాళ్ల జీతమూ తీసుకుంటోంది. కోడ్ మాట 'అంచు'."

సరేనన్నాడు. భయం వేయలేదు. ఈ మధ్య అతనికి ఏమీ అనిపించడం లేదు.

ఇర్మేలా ఉక్కు ఆఫీసులో ఆర్డర్లు రాస్తుంది. నక్కబొచ్చు కోటు, ఎర్ర గోళ్లు.

"తుప్పే పైపూతగా నిలిచే ఉక్కు కావాలి," అన్నాడు. "అంచు సంగతి మీరే చెప్పాలి."

"మిల్లులో వచ్చినట్టే ఉన్నదా, కోసినదా, అరగదీసి గుండ్రం చేసినదా?"

"ఏది మేలు?"

"వెల్డింగ్‌కైతే కోసిన అంచు చాలండీ. బ్లేడులా ఉంటుంది కానీ ఎలాగూ కరిగిపోతుంది." గొంతు తగ్గించింది. "ఇవాళ పడవకెక్కిన సరుకంతా వెల్డింగ్‌కే. అందులో ఒక్క చుట్టకి అంచు గుండ్రం చేయించారు."

"ఎందుకు?"

"పొరల్లోంచి వైరు బయటికి రావాలిగా. పదునుకి తెగితే?"

"నంబరు?"

"నంబరు చీటీలు పీకేశారు. వెళ్లండి, ఎవరో చూస్తున్నారు."

పడవ అప్పటికే కదిలింది. రేవు గోడ మీంచి దాంట్లోకి దూకాడు. వైరు తెంచడానికని సిగరెట్ లైటర్‌లో దాచిన కత్తెర జారి నీళ్లలో పడింది. తాడు మీద పసిపిల్ల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. లోపల ఎవరో జోల పాడుతున్నారు.

"ఓయ్ పెద్దమనిషీ! ఇదేం టిక్కెట్ పడవనుకున్నావా?" అరిచాడు సరంగు హిన్నెర్క్.

"సరుకు చూసుకోవాలి."

"చూసుకో! నిమురుతావేంటయ్యా? పిల్లిపిల్లలా?"

చలికి వేళ్లు మొద్దుబారాయి. ఏది నునుపో, ఏది పదునో తెలియడం లేదు. అందుకని ఒక్కో అంచుకీ చేతి మీద తెగని చోటు ఆనించి, రక్తం వచ్చిందా లేదా అని చూస్తూ పోయాడు. వచ్చింది. తర్వాతది. వచ్చింది. ఎదురుగా లాకుల తలుపులు తెరుచుకుంటున్నాయి. వచ్చింది.

ఒకచోట రాలేదు.

పొరల మధ్య నల్లటి వైరు. లాగి, పక్క చుట్ట అంచుకేసి రుద్దాడు. కోసిన అంచు. పడవ లాకుల్లోకి దిగుతుండగా వైరు తెగింది. ఏమీ పేలలేదు. జోల ఆగలేదు.

"డెక్కంతా రక్తం చేశావు," అన్నాడు హిన్నెర్క్. "ఎవరు కడుగుతారు?"

ఇర్మేలా శవం కాలవలో దొరికిందని ఆ సాయంత్రం కాల్‌థోఫ్ ఫోన్ చేశాడు. టెర్‌హోర్స్ట్ సరేనన్నాడు.

మర్నాడు పొద్దున, వేషం నిలబడాలి కాబట్టి, మళ్లీ ఆఫీసుకెళ్లాడు. ఆమె కుర్చీలో కొత్తమ్మాయి.

"ఏ అంచు రాయమంటారు సార్?"

కట్లు కట్టిన రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"గుండ్రందే రాయమ్మా."