కాలబైశాఖి కోసం కాచుకున్న కొక్కెం

"మధ్యాహ్నం రెండు గంటలకి ఆ ప్లాంట్ నీళ్ల మీద ఉండకూడదని వాళ్ల ప్లాన్," అన్నాడు చీఫ్ రంగనాథ్. గోల్‌బజార్ బట్టల కొట్టు వెనక గదిలో ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలి తగలడం లేదు. "ఎలాగన్నది తెలీదు. కనుక్కో."

ఏజెంట్ స్వర్ణకుమారి వాచీ చూసుకుంది. పదకొండున్నర.

నిమ్‌పురా అవతలి రిజర్వాయర్‌లో తేలే సోలార్ ప్లాంట్‌కి ఆ రోజే ట్రయల్ రన్. సెంటు భూమి అక్కర్లేదు, పొగ లేదు. కింది నీటి చలవకి ప్యానెళ్లు వేడెక్కవు. ఇది నిలబడితే మరో నలభై రిజర్వాయర్లకి మన డిజైనే. తమ సరుకు అమ్ముకోవాలనుకున్న విదేశీ ముఠాకి అది మింగుడుపడలేదు. ఇరవైమంది ఫిట్టర్లు ఇప్పుడు ఆ ప్యానెళ్ల మధ్యే ఉన్నారు.

పన్నెండుంబావుకి ప్రేమ్ బజార్ టీ కొట్టులో డయానా. షిఫాన్ చీర, నల్ల కళ్లజోడు. ముఠాకి కన్సల్టెంట్; మూణ్ణెల్లుగా మనకి ఇన్‌ఫార్మర్.

"లెబు చా బాగుంటుందా?" నిమ్మకాయ టీ గురించి అడిగింది స్వర్ణ.

"నల్ల ఉప్పు వేస్తేనే."

కోడ్ కలిసింది.

"ఆపరేషన్ రేపటికి వాయిదా. రిలాక్స్, డార్లింగ్," అంది డయానా.

కానీ అయిదు నిమిషాల్లో నాలుగుసార్లు వాయవ్యం వైపు ఆకాశం చూసింది. టీ ముట్టకుండానే లేచి వెళ్లిపోయింది.

స్వర్ణ కూడా అటే చూసింది. కాలబైశాఖి! వేసవి మధ్యాహ్నాల్లో వాయవ్యం నుంచి విరుచుకుపడే గాలివాన. వాళ్లకి బాంబుతో పనేముంది? గాలివాన ముంచుకొచ్చిన క్షణాన లంగరు ఊడితే చాలు. లోకం గాలివాననే తిడుతుంది.

ఖాకీ చొక్కా, సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ కార్డు తగిలించుకుని రిజర్వాయర్ చేరేసరికి ఒకటీ నలభై. వాయవ్యం నల్లబడింది. గట్టు వెంట ఒక్కో లంగరూ చూసుకుంటూ పరిగెత్తింది. నాలుగో దాని దగ్గర, దొంగ పరికరాల్ని పసిగట్టే ఆమె చేతి వాచీ గజగజా వణికింది. రేడియో రిసీవర్!

"బాబాయ్, ఈ కొక్కెం ఎవరు పెట్టారు?"

రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరై ఇక్కడ లంగర్లు చూసుకుంటున్న నూకయ్య వంగి చూశాడు. "ఇది మాది కాదమ్మా. నిన్న నల్ల కళ్లజోడు మేడంగారు మడుసుల్ని ఎట్టుకొచ్చి మార్సినారు. కొత్త మోడలన్నారు. ఏటైనాది?"

"రిమోట్‌తో ఊడిపోతుంది. ఇది పోతే మిగతా లంగర్లు ఈ గాలికి ఆగవు. మనవాళ్లని ఒడ్డుకి పిలువు!"

నూకయ్య విజిలూదాడు. కానీ ఆ చివర్నించి నడిచి రావడానికి పది నిమిషాలు పడుతుంది. గాలి తొలి విసురుకే ప్యానెళ్లు కటకటలాడాయి.

"కొక్కెం తీసేద్దామా?"

"తీస్తే మనమే వొగ్గేసినట్టు. సూడు, ఆ గొలుసు అందుకో!"

అది అతని పడవ కట్టిన పాత వ్యాగన్ గొలుసు. ఇద్దరూ దాన్ని లంగరు తాడు కొస ఉంగరంలోంచి దూర్చి, గట్టు మీది ఇనప దిమ్మెకి చుట్టారు. నూకయ్య బోల్టు బిగిస్తున్నాడు. ఎదుటి గట్టున చీర రెపరెపలాడింది. డయానా రిమోట్ పట్టుకున్న చెయ్యి పైకెత్తింది.

టక్!

కొక్కెం నోరు తెరిచింది. ప్లాంట్ మొత్తం ఒక్క ఊపు ఊగింది. మనుషులు బోర్లా పడి దొరికినదాన్ని పట్టుకున్నారు. గొలుసు బిగిసి, మూలిగింది.

ప్లాంట్ ఆగింది.

"నా పడవ పోయినాదమ్మా," అన్నాడు నూకయ్య, నడి నీళ్లలో గిరగిరా తిరుగుతున్న దాన్ని చూస్తూ.

ఫిట్టర్లు ఒక్కొక్కరే పాకుతూ ఒడ్డుకి చేరారు. జీపెక్కబోతూ గట్టు కాపలావాళ్లకి దొరికిపోయిన డయానా, "నేను మీ మనిషినే," అంది.

"సగమే," అంది స్వర్ణ బేడీలు వేస్తూ.

వాన మొదలయ్యాక చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ట్రయల్ రన్‌లో కరెంటు ఎంత వచ్చింది? పైవాళ్లు అడుగుతున్నారు."

స్వర్ణ నల్లటి ఆకాశంకేసి చూసింది.

"ఎండ రానివ్వండి సార్, చెబుతాను."