నూలి పున్నమి నాడు నడిచిన మగ్గం

ముంబైలో ఆ ఆఫీసుకు బోర్డు ఉండదు. లోపలి గదిలో చీఫ్ ఒక ఫొటోను టేబుల్ మీదికి విసిరాడు. అందులో తళతళలాడే రేపియర్ మగ్గం, షటిల్ లేకుండా నాలుగు మగ్గాల పని ఒక్కటే చేసే విదేశీ మెషిన్.

"మొన్న భీవండి. నిన్న మాలెగావ్. రేపు షోలాపూర్," అన్నాడు. "ఇంటర్నెట్‌లో మగ్గాలవాళ్ల గ్రూపు ఒకటుంది. 'లూమ్‌కింగ్' పేరుతో ఒకడు ఈ మెషిన్ సెకండ్ హ్యాండ్‌లో ఇస్తానంటాడు. ముందే సొమ్ము తీసుకుంటాడు. తర్వాత మెషిన్ రాదు, వాడూ కనబడడు. ఆ సొమ్ము సముద్రం దాటి తుపాకులై తిరిగొస్తోంది."

"టార్గెట్?"

"షోలాపూర్‌లోని దాజీ పేట్‌లో గోదావరి. నీ మేనత్త. అందుకే నిన్ను పిలిచాను. వేషం ఖర్చు మిగులుతుంది."

ఏజెంట్ సిద్ధరాములు మొహంలో ఏమీ కదలలేదు. ఫొటో చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ ముఠా లోపల మన మనిషి ఉంది, చంద్రభాగ. ఆమె 'చద్దరు తడిసింది' అంటే నువ్వు 'ఎండ కాయనీ' అనాలి." చీఫ్ ఒక చేతిగడియారం అందించాడు. "ట్రాన్స్‌మిటర్. మీట నొక్కావంటే టీమ్ దిగుతుంది."

ఈ జాతి మోసగాళ్లంటే సిద్ధరాములుకు పరమ ఏవగింపు. జేబుదొంగ రద్దీలో చెమటైనా ఓడుస్తాడు. కన్నం వేసేవాడు కనీసం గోడ తవ్వుతాడు. వీడు కుర్చీలో కూర్చుని, ఎవడిదో మెషిన్ ఫొటో పెట్టి, బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడలు బోసి చేస్తాడు. వీణ్ని దొంగ అంటే దొంగలకే అవమానం.

అతను వెళ్లేసరికే గోదావరి ఇంట్లో సంగతి ముదిరిపోయింది. వాడకట్టు ఆడవాళ్లు పొగాకు దుమ్ము మింగలేక, ఎలాగైనా బీడీల నుంచి బయటపడాలని, ఒంటి మీది బంగారమంతా ఒక మూటగా కట్టారు. మూట గోదావరి చేతిలో ఉంది. అది పోతే ఆ వాడలో ఆమె తలెత్తుకుని నడవలేదు.

"అత్తా, ఆ మెషిన్‌ని ఎవలన్న కండ్లార చూసిండ్రా?"

"ఫొటు చూసిన గద! కొన్నోళ్లు మస్తు మంచిగున్నదని తారీఫ్ రాసిండ్రు. సైబర్ కేఫాయన చదివి చెప్పిండు."

"ఆ తారీఫ్ రాసినోళ్లంత గ్రూపుల ఒక్కనాడే చేరిండ్రు. నోర్లు అయిదు, నాలిక ఒక్కటే. సరుకు ఇంటి ముందట దిగినంక ఇస్తమని రాయి. మెషిన్ పక్కన ఇయ్యాల్టి పేపర్ వెట్టి ఫొటు తియ్యుమను."

"గట్ల అడిగితె ఇంకోళ్లు గుంజుకపోతరట. లౌకర్, జల్ది ఇయ్యాలె. నువ్వు ముంబైల గుమాస్తావు, నీకేం ఎరుక? గప్ కూసో!"

శత్రుదేశాల కోడ్లు విప్పిన ఏజెంట్ గప్‌గా కూర్చున్నాడు. మేనత్త ముందు సీక్రెట్ సర్వీస్ చెల్లదు.

ఆ సాయంత్రం అతను సైబర్ కేఫ్‌లో గోదావరి తరఫున ఒక మెయిల్ కొట్టాడు. 'గురువారం పొద్దున మగ్గం నడిపి ఫోన్‌లో వినిపించండి. వెంటనే బంగారం ఇస్తాం.' నిమిషంలో జవాబు వచ్చింది: ఓకే. అత్యాశ క్యాలెండర్ చూడదు.

గురువారం దాజీ పేట్‌లో మగ్గాల మోత లేదు. ఆ రోజు నూలి పున్నమి. కొత్త జంధ్యాలు వేసుకుని, మగ్గానికి దండం పెట్టి, మగవాళ్లంతా మార్కండేయస్వామి రథం వెంట వెళ్లారు. దూరంగా డప్పులు మోగుతున్నాయి.

చంద్రభాగ కారు దిగింది. నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర, చేతిలో శాటిలైట్ ఫోన్. ఆమె సెంటు వాసన ఇంట్లోని పొగాకు ఘాటుతో కాసేపు పోరాడి ఓడిపోయింది.

"చద్దరు తడిసింది," అంది సిద్ధరాములు పక్కనుంచి వెళ్తూ.

"ఎండ కాయనీ."

తర్వాత ఆమె అతని వైపు చూడలేదు. చూపంతా మూట మీదే ఉంది. ఫోన్ స్పీకర్ నొక్కగానే ధడధడమని మగ్గం శబ్దం ఇల్లంతా నిండింది.

"విన్నారా? కస్టమ్స్ గోడౌన్‌లో ఈ క్షణాన నడుస్తోంది. లోపలికి ఎవరినీ రానివ్వరు. మూట ఇవ్వండి."

గోదావరి మూట ముందుకు చాచింది. చంద్రభాగ వేళ్లు దాన్ని తాకబోతున్నాయి.

"నడిపేటాయన ఎవలు మేడం?" అన్నాడు సిద్ధరాములు, అమాయకంగా.

"మీవాళ్లే. దాజీ పేట్ పద్మశాలి, పోచయ్య. దేవుడిలాంటి మనిషి."

గోదావరి చెయ్యి గాలిలో ఆగిపోయింది. "ఏందీ? నూలి పున్నమ నాడు పద్మశాలి మగ్గం నడుపుతున్నడా?"

"తాగి పడ్డోడు గూడ ఇయ్యాల మగ్గం ముట్టడు!" అంది పక్కింటి యశోద.

ఫోన్‌లో టక్కుమని చప్పుడైంది. టేపు అయిపోయింది. మగ్గం మోత ఆగి, డప్పుల మోత వినిపించింది. అవే డప్పులు కిటికీలోంచి కూడా వినిపిస్తున్నాయి. అంటే లూమ్‌కింగ్ సముద్రాల అవతల లేడు, రథం వెళ్తున్న సందు మొగలో ఉన్న ఒకే ఒక్క లాడ్జిలో ఉన్నాడు.

చంద్రభాగ లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన చిన్న తుపాకి గొట్టం ఉంది. "కదలొద్దు. మూట ఇటు!"

"నువ్వు మా మనిషివి కదా!" అన్నాడు సిద్ధరాములు.

"ఎవరు ఎక్కువిస్తే వాళ్ల మనిషిని."

సిద్ధరాములు గడియారం మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. పట్టీ ఊడి చేతిలోకొచ్చింది.

అంతలో గోదావరి గోడ పక్కనున్న బీడీల చాట లేపి, అడుగున మిగిలిన పొగాకు పొడి మొత్తం చంద్రభాగ కళ్లలో కొట్టింది. "మా బంగారం గావాల్నానే నీకు!" గ్లామర్ అంతా తుమ్ములపాలైంది. లిప్‌స్టిక్ మంచం కిందికి దొర్లింది.

సిద్ధరాములు ఆమెను ఆడవాళ్లకు అప్పగించి, రథం బందోబస్తు పోలీసులను వెంటేసుకుని లాడ్జి మెట్లెక్కాడు. గదిలో ఒక తెల్లదొర బనీనుతో కూర్చుని, తర్వాతి ఊరి కోసం టేపు వెనక్కి తిప్పుకుంటున్నాడు. పేరుకు మగ్గాల రాజు, జన్మలో నూలుపోగు ముట్టిన చేతులు కావవి.

సాయంత్రం మూట విప్పి ఎవరిది వాళ్లకు పంచాక గోదావరి మేనల్లుడి చేతిలోని గడియారాన్ని తిప్పితిప్పి చూసింది. అతను గుమాస్తా కాదని ఆమెకు అర్థమైంది గానీ ఆ మాట ఎత్తలేదు.

"గిది యాడ కొన్నవ్ అల్లుడా?"

"నేను గాదు అత్తా. మా ఆఫీసోళ్లు. ఇంటర్నెట్ల, ఏదో గ్రూపుల..."

"పైసలు ముందుగాల్నే ఇచ్చిండ్రా?"

సిద్ధరాములు గడియారం లాక్కుని జేబులో వేసుకున్నాడు.