వంచి చూడని జాడీ

హెడీ జెరిబీని పాము కరిస్తే పామే చస్తుంది. పదేళ్ల కిందట ట్యునీషియాలోని స్ఫాక్స్ ఊరి భూముల ఆఫీసుకి డేటాబేస్ అంటగట్టింది వాడే. రెండేళ్లకే వాడి కంపెనీ మూతపడింది. రికార్డులన్నీ లోపలే ఉండిపోయాయి, తెరిచే తాళం ఎవరి దగ్గరా లేదు. పక్క తోటవాడు కోర్టుకి దొంగ దస్తావేజు తెస్తే, గూఢచారి శాఖ ఏజెంట్ లస్‌అద్ తండ్రి తన అసలు దస్తావేజు చూపించలేకపోయాడు, ఆలివ్ తోట పోయింది. ముసలాయన ఆ దిగులుతోనే పోయాడు.

అదే జెరిబీ ఇప్పుడు రాజధాని ట్యూనిస్‌లో, కొత్త కోటుతో, వెనక ఓ విదేశీ ముఠాతో దిగాడు. ఈసారి దేశం మొత్తం భూముల రికార్డులు. వాటిని నలభై ఏళ్లు మోసే సాఫ్ట్‌వేర్ ప్లాట్‌ఫాం ఏదన్నది ప్రభుత్వ కమిటీ తేల్చే రోజు.

లస్‌అద్ పై అధికారి, చీఫ్ నూరి బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగించాడు.

"వాణ్ణి చంపకు. వాడు పోతే ఇంకొకడొచ్చి అమ్ముతాడు. సరుకు చావాలి."

"రెండూ చస్తే, నూరి గారూ?"

"నీ పగ జేబులో పెట్టుకో. లోపల మన మనిషి ఉంది. కోడ్ మాట 'పంచదార వద్దు కదా'."

లస్‌అద్ ముసలి నోటరీ వేషం కట్టాడు. నెరిసిన గడ్డం, తెల్ల జుబ్బా, ఎర్ర టోపీ, గుండీలో కెమెరా. జుబ్బా లోపల పిస్తోలు. అతని ముద్ర పడితేగాని ఒప్పందం చెల్లదు.

హాల్లో జెరిబీ యంత్రం కోటి దస్తావేజుల్లోంచి అడిగినదాన్ని రెప్పపాటులో తీసి చూపిస్తోంది. కమిటీ అధ్యక్షురాలు జొహ్రా మురిసిపోయింది. పోటీలో ఉన్న రెండోది కాస్త నిదానం. కాని దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఏ ఇంజనీరైనా బాగుచేసుకోవచ్చు.

"అది అనాథ పిల్ల, మేడమ్. రేపు జబ్బు చేస్తే ఎవరి తలుపు కొడతారు?" అన్నాడు జెరిబీ.

వీడి తలుపు కొట్టీ కొట్టీ తండ్రి వేళ్లు కాయలు కాసిన సంగతి గుర్తొచ్చి, లస్‌అద్ చెయ్యి పిస్తోలు మీదికి పోయింది.

ఆకుపచ్చ పట్టు గౌనులో ఫెరియెల్ కాఫీ అందించింది. ఆర్నెల్లుగా జెరిబీ చెయ్యి వదలని అందగత్తె, వాడి యంత్రం నడిపేదీ ఆవిడే.

"పంచదార వద్దు కదా, షేక్?"

లస్‌అద్ చెయ్యి పిస్తోలు వదిలింది.

జొహ్రా సంతకం చేసి కాగితం అతని ముందుకు జరిపింది. ముద్ర పైకెత్తి, అతను ఆగాడు.

"నూనె కొనేటప్పుడు మా నాన్న జాడీ వంచి చూసేవాడమ్మా. నింపడం ఎవడైనా చూపిస్తాడు. లోపల పెట్టినవన్నీ ఓసారి బయటికి తీయించండి."

జెరిబీ నవ్వేశాడు. దానికి వేరే పరికరం కావాలన్నాడు, మూడు నెలలన్నాడు.

"ఎందుకూ, నేను తీస్తాగా," అంటూ ఫెరియెల్ మీట నొక్కింది.

తెర మీద ఒకటే వరుస వెలిగింది: యజమాని అనుమతి లేదు. కింద, సముద్రం అవతలి ముఠా చిరునామా.

జొహ్రా కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మా భూములకి యజమాని వీళ్లా?" అని మాత్రం అడిగి, తన సంతకాన్ని తనే చింపేసింది. అనాథ పిల్లకే ఓటు పడింది.

దేశం రికార్డులు విదేశీ ముఠాకి కట్టబెట్టబోయినందుకు జెరిబీకి బేడీలు పడ్డాక, లస్‌అద్ తన దొంగ గడ్డం ఊడదీశాడు. జెరిబీ పోల్చుకున్నాడు.

"స్ఫాక్స్ ముసలోడి కొడుకువా? నన్ను లోపలేస్తే నీ తోట తిరిగొస్తుందట్రా?"

"రాదులే. జైల్లో నిద్రపట్టకపోతే లెక్కపెట్టుకో. ఏడు హెక్టార్లు, నూట పంతొమ్మిది ఆలివ్ చెట్లు."