చుక్కల జాలీకి అటువైపు

పాత సామాన్ల వీధి చివర ఒక ఖాళీ ఇల్లుంది. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. నేనైతే పగలు కూడా నడవను. దానికి నన్ను పిరికివాడంటారు గానీ, అది సరికాదు. పిరికివాడికి దెయ్యం ఎదురైనప్పుడు భయం వేస్తుంది. నాకు ముందురోజు నుంచే మొదలవుతుంది.

ఆ ఇంటికున్న చెడ్డపేరు ఇదీ. రాత్రిపూట లోపల్నుంచి చెక్క మీద దెబ్బలు వినిపిస్తాయి. టక్... అని ఒక బరువైన దెబ్బ. కాసేపాగి, టిక్... అని ఒక తేలికైన దెబ్బ. ఒకరు అడుగుతున్నట్టు, ఇంకొకరు బదులిస్తున్నట్టు. మీరు నడుస్తుంటే వినిపిస్తాయి. ఆగి చెవిపెట్టారా — ఆగిపోతాయి.

అటువైపు వాళ్లు కూడా చెవిపెట్టి మిమ్మల్ని వింటున్నట్టు.

ఆ ఇంటి హాల్లో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నేల నుంచి పైకప్పు దాకా ఒక చెక్క జాలీ ఉంది. దాని నిండా ఆకాశంలో నక్షత్రాల్లా కోసిన చుక్కలు. ఒక చుక్క కొన పట్టుకుని ఇంకో చుక్క, దాని కొన పట్టుకుని మరోటి. మేకు లేదు, జిగురు లేదు. ఎక్కడ మొదలైందో వెతుకుతూ కూర్చుంటే మనకి తల తిరుగుతుంది తప్ప దానికి మొదలు దొరకదు.

దాన్ని చేసింది ఇద్దరు. ఒకాయన సముద్రం అవతలి నుంచి వచ్చిన ముస్లిం పనివాడు, చుక్కల ఉస్తాద్ అనేవారట. చేతిలో గుండ్రాలు గీసే ఒక కంపాసు, ఒక దారం, అంతే. రెండో ఆయన ఇక్కడి వడ్రంగి. చెక్క కనిపిస్తే చాలు, దాని మీద తీగో పక్షో చెక్కందే నిద్రపోడు. ఆయన మా తాతగారికి తాత. ఒకరి భాష ఒకరికి రాదు. జాలీకి అటొకరు ఇటొకరు కూర్చుని చేతులతోనే మాట్లాడుకునేవారట.

ఒకరోజు మావాడు, అంటే ఆ తాత, ఊరుకోలేక చుక్కల మధ్య ఒక హంసని చెక్కి పెట్టాడు. ఉస్తాద్ పక్షుల్ని చెక్కడు, అది వాళ్ల పద్ధతి కాదు. కోపం వచ్చి కొన్నాళ్లు ముఖం చూడలేదట. తర్వాత ఎందుకో దగ్గరికొచ్చి చూశాడు. ఎప్పుడూ వదులుగా ఊగే పక్క చుక్క ఒకటి ఇప్పుడు కదలడం లేదు. హంస తోక వెళ్లి చుక్క కింద గాడిలో దిగి కూర్చుంది.

ఉస్తాద్ గట్టిగా నవ్వాడట. అక్కడి నుంచి ఆయన ప్రతి చుక్కకీ తోక పట్టేంత గాడి తీశాడు. మావాడు ప్రతి గాడికీ ఒక హంసని చెక్కాడు. ఉస్తాద్ పక్షి జోలికి వెళ్లలేదు, మావాడు కంపాసు ముట్టలేదు. చుక్క హంసని పట్టుకుంది, హంస చుక్కని పట్టుకుంది.

జాలీలో కలిసిపోయిన చిన్న తలుపు కూడా అలాంటిదే. మూసి, ఇటు నుంచి ఒక దెబ్బ, అటు నుంచి ఒక దెబ్బ, ఇద్దరూ చెరోవైపు నుంచి కొడితేనే తోక గాడిలోకి దిగుతుంది. తెరవాలన్నా అంతే. ఒక్కడి వల్ల కాదు.

వాళ్లిద్దరూ పోయాక ఆ ఇంట్లో అద్దెకున్నవాడు ఎవడో, పిల్లాడు ఆడుకుంటాడని ఒక హంసని పెకలించాడట. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పలేదు. పొద్దునకి అతని వేళ్లు ముడుచుకుపోయాయి. మళ్లీ విచ్చుకోలేదు.

ఇదీ ఆ ఇంటి కథ. ఇక మా ఇంటి కథ.

మా బావ, అంటే మా అక్క మొగుడు, పాత తలుపులు, కిటికీలు కొని పెద్ద హోటళ్లకి అమ్ముతాడు. ఊళ్లో ఎక్కడ ఇల్లు కూలుస్తున్నా, కూల్చేవాళ్లకంటే ముందు ఈయన వెళ్లి నిలబడతాడు. ఆ ఖాళీ ఇంటి వారసులు ఎక్కడో ఉంటే పట్టుకుని జాలీ బేరం చేసేశాడు.

ఆ సాయంత్రం మా అక్క వాళ్లింట్లో ముగ్గురం కూర్చున్నాం.

"కొనేవాళ్లకి అచ్చమైన ముస్లిం కళ కావాలట," అన్నాడు బావ. "పక్షులుంటే కల్తీ సరుకంటున్నారు. ఆ బాతుల్ని లేపేస్తే తీసుకుంటారు. తెల్లారేసరికి లారీ వస్తుంది."

"హంసలండీ అవి," అంది అక్క.

"ఏవైతేనేం. తోకున్నవన్నీ పోవాలి."

"మా తాతలు చెక్కినవి. మా వాళ్ల చెయ్యి ఈ ఊళ్లో మిగిలింది అక్కడొక్కటే. ఈ ఒక్కటీ వదిలెయ్యండి."

"మీవాళ్ల చెయ్యి చూడాలంటే మీ తమ్ముడున్నాడుగా. ఆ చెయ్యి మేకు కొడితే గోడ ఏడుస్తుంది."

నేను నవ్వాను. నిజమే కదా మరి. మా వంశంలో చెక్కే చెయ్యి అక్కకొచ్చింది, నాకు తాతగారి ముక్కొచ్చింది. అక్క దగ్గర ఆ తాతల నాటి ఉలి ఇప్పటికీ ఉంది. తీరికైనప్పుడు చిన్న చిన్న పెట్టెలు చెక్కుతుంది.

అక్క నవ్వలేదు. లేచి వంటగదిలోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు రాలేదు. అక్కకి కోపం వస్తే గిన్నెలు మోగుతాయి. పగ పట్టినప్పుడు మోగవు.

వీధిలో ఒక్క వడ్రంగి కూడా ఆ హంసల మీద ఉలి పెట్టడానికి ఒప్పుకోలేదు. చివరికి బావే ఒక ఉలి, సుత్తి కొనుక్కొచ్చుకుని, రాత్రికి తనే కానిచ్చేస్తానన్నాడు.

అక్క నన్ను పెరట్లోకి పిలిచి గుసగుసగా చెప్పింది.

"జాలీ వెనక చీకటి గది ఉంది చూడు. ఆ ఇంటి పెరటి తలుపు గుండా ముందే వెళ్లి అందులో నక్కు. హంసల్ని లోపల్నుంచి కొడితేనే ఊడతాయి, ఆయన అక్కడికే వస్తారు. ఆయన లోపలికొచ్చి పని మొదలెట్టగానే నేను హాలు వైపు నుంచి చిన్న తలుపు మూస్తా. నేను టక్ మనిపిస్తే, నువ్వు లోపల్నుంచి టిక్ మనిపించు."

"ఎందుకక్కా?"

"రాత్రంతా వాటి మధ్యే ఉంటారు. అవేంటో తెలుసుకుంటారు."

"మరి నేను కూడా రాత్రంతా..."

"నువ్వు నా తమ్ముడివి కదరా."

ఆ మాటకి సరేనన్నాను.

ఇక్కడి నుంచి నేను చెప్పేది సగం బావ నోట విన్నది, సగం అక్క నోట విన్నది.

బావ టార్చి పట్టుకుని వెళ్లాడు. హాలు దాటాడు. జాలీ చిన్న తలుపు ఎన్నాళ్ల నుంచో తెరిచే ఉంది. అందులోంచి వంగి చీకటి గదిలోకి దూరాడు. లోపల దుమ్ము, పాత చెక్క వాసన. టార్చి వెలుగు పడితే హంసల నీడలు గోడ మీదికెక్కాయి. టార్చి కదిలితే అవీ మెడలు కదిపాయి.

"బాతులు," అనుకున్నాడట బావ, ధైర్యానికి.

మొదటి హంస మెడ మీద ఉలి ఆనించి కొట్టాడు. అది ఊడి కింద పడింది. వెనకే... దాన్ని పట్టుకున్న చుక్క ఊడి వచ్చి కాలి మీద పడింది. తిట్టుకుంటూ రెండో హంసని కొట్టాడు. రెండో చుక్క రాలింది. పైన ఎక్కడో జాలీ మొత్తం ఒకసారి మూలిగింది.

అప్పుడు — వెనక చిన్న తలుపు మూసుకుంది.

టక్...

బావ వెనక్కి తిరిగాడు. దెబ్బ హాలు వైపు నుంచి వచ్చింది. ఎవరో ఆకతాయిలు అనుకున్నాడు. అరుద్దామని నోరు తెరిచాడు.

టిక్...

అది లోపల్నుంచి వచ్చింది. తన చెవి పక్క నుంచి.

టార్చి అటు తిప్పబోయాడు. అది ఆరిపోయింది. చీకట్లో కొత్తగా కోసిన చెక్క వాసన గుప్పుమంది. బయట టక్... లోపల టిక్... టక్... టిక్... తలుపు గట్టిగా బిగుసుకుంది.

జాలీ అవతలి నుంచి ఒక గుసగుస. ఆడగొంతు. మొగుడికి పెళ్లాం గొంతు తెలియదా అంటారేమో. అరిచే గొంతైతే తెలిసేది, గుసగుసకి అలవాటు లేదు.

"అవి... ఏంటవి?"

"బా... బాతు..."

ఉలి పట్టుకున్న చేతి మీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా, గరుకుగా. ఒక్కో వేలినీ ఉలి పిడి చుట్టూ మడిచి, నొక్కింది. వేళ్లు విరుగుతాయేమో అనిపించేదాకా.

"హంసలు," అన్నాడు బావ ఏడుస్తూ. "హంసలు... హంసలు..."

"ఎవరివి?"

"మా ఆవిడ వాళ్లవి... వాళ్ల తాతలవి..."

చెవి పక్కన ఎవరో నవ్వారు. ముసలి గొంతు, తీరికగా నవ్వే నవ్వు.

ఆ మాట బావ చేత ఎన్నిసార్లు అనిపించిందో అక్క లెక్కపెట్టలేదట. మొదటిసారి అన్నప్పుడే వదిలెయ్యొచ్చు కదా అని నేనంటే, "చెవికి బాగుంది, విన్నాను," అంది. తెల్లవారబోయే ముందు ఇటు నుంచి ఒక దెబ్బ కొట్టింది. అటు నుంచి బదులు వచ్చింది. తలుపు వదులైంది. అక్క చీకట్లోనే ఇంటికొచ్చేసి ఏమీ ఎరగనట్టు పడుకుంది.

బావ పాక్కుంటూ ఇల్లు చేరాడు. లారీ వచ్చింది, ఖాళీగా వెళ్లింది. బేరం వద్దని కబురు పెట్టమన్నాడు. కుడిచేతి వేళ్లు పిడికిలి బిగించినట్టు ముడుచుకున్నాయి, మధ్యలో ఉలి పిడి పట్టేంత సందు. డాక్టరు నరం పట్టేసిందన్నాడు. అక్క చెంచాతో భోజనం తినిపించింది. అంత శ్రద్ధగా తినిపించడం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం నన్ను పెరట్లోకి పిలిచింది. ముఖం వెలిగిపోతోంది.

"భలే చేశావురా. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. నీకింత చెయ్యి ఉందని నాకు తెలీదు. కానీ మధ్యలో ఆ నవ్వు ఎందుకురా? దొరికిపోయేవాళ్లం."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"అక్కా... నేను లోపలికి వెళ్లలేదు."

"ఏంటి?"

"ఆ ఇంటి పెరటి తలుపుకి బావ సాయంత్రమే బయట నుంచి పలకలు కొట్టేశాడు, దొంగలొస్తారని. నేను చూసి, ఆ పలకలకి దండం పెట్టి, ఇంటికెళ్లి పడుకున్నా. నువ్వు కూడా వెనక్కొచ్చేసి ఉంటావనుకున్నా."

అక్క లోపలికెళ్లి పాత ఉలి, సుత్తి తీసుకుని వచ్చింది.

"పద."

అక్క చెయ్యి పట్టుకుని లాగింది కాబట్టి వెళ్లాను. పెరటి తలుపు పలకలు అలాగే ఉన్నాయి, సాలెగూడు కూడా చెదరలేదు. హాల్లోకి వెళ్లి చూశాం. జాలీలో బావ పడగొట్టిన చోట బొక్కలుండాలి.

లేవు. రెండు చోట్లా కొత్త చుక్కలున్నాయి. చెక్క ఇంకా పచ్చిగా ఉంది. ఒక్కో చుక్క నడుమ కంపాసు ముల్లు గుచ్చిన చిన్న రంధ్రం. హంసలు మాత్రం లేవు. ఉస్తాద్ పక్షుల్ని చెక్కడు కదా. వాటి చోట గాడులు తీసి వదిలేశాడు. తోక పట్టేంత గాడులు. ఖాళీగా.

అక్క ఒక గాడిలో వేలు పెట్టి కొలిచింది. జాలీకి ఇటువైపు నేల మీద కూర్చుంది. మూలనున్న పాత చెక్కముక్కని ఒళ్లోకి తీసుకుని, ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొట్టింది.

టక్...

అటువైపు నుంచి బదులు వచ్చేసరికి నేను వీధిలో ఉన్నాను. ఎలా వచ్చానో అడక్కండి.

చీకటిపడే వేళకి అక్క ఇంటికొచ్చింది. జుట్టు నిండా చెక్క పొట్టు.

"అక్కా... ఆయనున్నాడా?"

"అటువైపు కూర్చున్నాడు."

"బావ వేళ్ల సంగతి అడగలేకపోయావా?"

"అడిగా. భాష రాదుగా, చేతులతోనే చెప్పాడు. హంసలు రెండూ గాడిలో కూర్చుంటే వదిలేస్తాడట."

"హమ్మయ్య. ఎన్నాళ్లు పడుతుంది మరి?"

లోపలి గదిలోంచి బావ నీళ్లు కావాలని పిలుస్తున్నాడు. అక్క తీరిగ్గా జుట్టులో పొట్టు దులుపుకుంది.

"నాకేం తొందర?" అంది.