పదిహేడో మేకు

దీవికి వెళ్ళే లాంచీలో ఆమె పని బిళ్ళలివ్వడం. దీవి చూడ్డానికి దిగేవాళ్ళ చేతిలో తలా ఒక అంకె వేసిన ఇత్తడి బిళ్ళ పెడుతుంది. నాలుగింటికి తిరిగొచ్చి ఎక్కేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు లాంచీలో వేలాడే పలకమీద అదే అంకె ఉన్న మేకుకి తగిలించాలి. ఇచ్చిన అంకెల మేకులన్నీ నిండితే "ఇక పోనీ" అంటుంది, సరంగు లాంచీ తీస్తాడు. మేకు ఖాళీగా ఉందంటే దీవిలో మనిషి ఉండిపోయినట్టు. ఇంతకన్నా తేలికైన పని ఆ ఊళ్ళో మరొకటి లేదు. ఆ పనిలోనే ఆమె ఒక మనిషిని చంపింది.

పోయిన ఏడాది మాట. గాలివాన కమ్ముకొస్తోంది, పదిహేడో మేకు ఖాళీ. వచ్చేవాళ్ళకి బిళ్ళలు కాజేసే జబ్బొకటుంది. గుర్తుగా ఓ గులకరాయి ఏరుకోవచ్చుగా? కాదు, మహానుభావులకి ఇత్తడే కావాలి. అందుకే పెట్టెలో మారు బిళ్ళలుంటాయి. ఎవడో జేబులో వేసుకునుంటాడని తిట్టుకుంటూ మారు బిళ్ళ తీసి మేకుకి తగిలించేసింది. "ఇక పోనీ అన్నయ్యా" అంది. అప్పట్లో సరంగు ఆమె సొంత అన్నే.

పదిహేడో బిళ్ళ తీసుకున్నది ఉన్ని శాలువా కప్పుకున్న మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ. "నేను మెల్లిగా నడుస్తాను, నాకోసం ఆగుతారుగా అమ్మా?" అని అడిగి మరీ దిగింది. "ఆగకేం, మిమ్మల్నొదిలి ఎక్కడికి పోతాం" అని నవ్విందీ ఈమే. నాలుగు రోజులు తుఫాను. ఐదోరోజు వెళ్తే రేవు మెట్టుమీద చెప్పులు మాత్రం ఉన్నాయి, సముద్రం వైపు తిరిగి.

విచారణలో అన్న ఆమెని నోరు తెరవనివ్వలేదు. "పలక చూడకుండా నేనే తీశాను" అన్నాడు. లైసెన్సు పోయింది. చెల్లెలు పొరబాటున లెక్క తప్పిందనుకున్నాడు పాపం. ఖాళీ అని తెలిసే తగిలించిందని ఆమె చెప్పలేదు. ఊరందర్నీ నోటితో దులిపేసే మనిషి, ఆ ఒక్క మాట దగ్గర ఏడాదిగా మూగదైంది.

ఈ సాయంత్రం దీవి రేవు నిండా పొగమంచు. పన్నెండుమంది దిగారు, పన్నెండుమందీ ఎక్కారు. పన్నెండు మేకులూ నిండాయి. "పోనీ" అనబోయింది.

రేవు మెట్లమీద అడుగు పడింది.

ఒక అడుగు... ఆగింది. మళ్ళీ ఒక అడుగు... నానిన ఉన్ని వాసన. దాని అడుగున పాచి వాసన.

"ఏంటక్కా, నిండిందిగా?" కొత్త సరంగు మెడ చాచాడు.

"ఉండు."

"ఎవరికోసం?"

ఆమె మెట్లకేసి చూసింది. మంచులో ఎవరూ కనబడలేదు. అడుగులు మాత్రం ఆమె పక్కనుంచే పోయాయి. లాంచీలోకి ఎక్కే చెక్క కిర్రుమంది. లోపల బెంచీమీద కబుర్లాడుకుంటున్న భార్యాభర్తలు, మాట ఆపకుండానే, చెరోపక్కకీ జరిగారు. మధ్యలో ఒక మనిషికి సరిపడా చోటు. ఊరి రేవుదాకా ఇద్దరూ మళ్ళీ దగ్గరికి జరగలేదు.

ఆమె అటు చూడలేదు. ఇవాళ అన్నయ్యకి చెప్పేస్తాను అనుకుంది. దారంతా అదే అనుకుంది. వెనక్కి తిరక్కుండా ఇల్లు చేరింది.

అన్న దీపం ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆమె లోపలికొచ్చి తలుపు మూయబోయింది.

"మూయకు. పెద్దావిణ్ణి బయట నిలబెట్టి మూసేస్తావేంటి?"

వాకిట్లో మంచు తప్ప ఏమీ లేదు.

"అన్నయ్యా... నీకో మాట చెప్పాలి. ఆరోజు..."

"ఉండవే. ఆవిడ చెబుతోందిగా, విననీ."

విన్నాడు. "ఊఁ" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "ఊఁ". చేతిలోంచి వల జారింది, తీసుకోలేదు. చాలాసేపు విన్నాడు. ఒక్కసారి చెల్లెలి మొహంలోకి చూసి... చూపు తిప్పుకున్నాడు.

"అన్నయ్యా, ఏమంటోంది?"

వాకిలికేసి తిరిగి, పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుతో మెల్లిగా అన్నాడు.

"పొద్దున్నే దీవికా?... సరేనమ్మా. దీన్ని పంపిస్తాను."